మిక్సీ నాబూ, ఒక చిన్న కప్పూ

మా మిక్సీ నాబ్ విరిగి మూడు నెలలైంది. నాన్న చివరిసారి అమెరికా వచ్చినప్పుడు నాలుగు షాపులు తిరిగి కొన్న 110 వోల్టుల మిక్సీ అది. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. "కొత్తది కొందామమ్మా" అంటే వినదు. నాబ్ ఊడి బయటపడ్డ కడ్డీని పట్టకారుతో తిప్పి పచ్చళ్ళు చేస్తోంది.

ఇంజినీరింగ్ చదివాను కదా అని నాబ్ నేనే గీశాను. కంప్యూటర్లో చక్కగా కూర్చుంది. మా ఊరి లైబ్రరీలో త్రీడీ ప్రింటర్ ఉంటే ప్రింట్ చేయించి తెచ్చాను. కడ్డీ మీదికి ఎక్కలేదు. అర మిల్లీమీటరు తేడా! ఆ ఉక్రోషంలో ఈ యంత్రాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1980ల మొదట్లో కాలిఫోర్నియాలో చక్ హల్ అనే ఇంజినీరు అల్ట్రావయొలెట్ దీపాలు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవారు. ద్రవంగా ఉన్న రెజిన్‌ని ఆ కాంతి గట్టిపరుస్తుంది. బల్లల పైపూతకి వాడేవారు. ఆయన్ని విసిగించింది ఇంకో విషయం. కొత్త ప్లాస్టిక్ భాగం గీస్తే, దానికి అచ్చు చేయించి, పోత పోయించి, నమూనా చేతికొచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. సరిపోకపోతే మళ్ళీ మొదటికి. పల్చటి పొర గట్టిపడుతున్నప్పుడు, పొర మీద పొర పేర్చుకుంటూ పోతే వస్తువే వస్తుంది కదా అనుకున్నారు. రాత్రుళ్ళూ, వారాంతాలూ అదే పని. 1983 మార్చి 9 రాత్రి ఒక చిన్న కప్పు వచ్చింది. అంత రాత్రప్పుడూ భార్యకి ఫోన్ చేసి, ల్యాబుకి వచ్చి చూడమన్నారట.

ఈ ఆలోచన ఆయన ఒక్కరిదే కాదు. జపాన్‌లోని నగోయాలో హిదెయో కొదామా ఇలాంటి పద్ధతి మీద 1981లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. పేటెంటు మాత్రం చేతికి రాలేదు. ఫ్రాన్స్‌లో ముగ్గురు 1984 జులై 16న దరఖాస్తు పెట్టారు. హల్ పెట్టింది ఆగస్టు 8న, అంటే మూడు వారాల తర్వాత. ఫ్రెంచి వాళ్ళ సంస్థకి ఇందులో వ్యాపారం కనబడక వదిలేసింది. హల్‌కి 1986లో పేటెంటు వచ్చింది, ఆ ఏడాదే త్రీడీ సిస్టమ్స్ కంపెనీ మొదలైంది.

తెర మీది బొమ్మని యంత్రానికి చెప్పడానికి 1987లో ఎస్‌టీఎల్ అనే ఫైలు పద్ధతి తయారుచేశారు. వస్తువు పైతొడుగుని చిన్న చిన్న త్రిభుజాలుగా కోసి రాస్తుంది. కొలతలు మిల్లీమీటర్లలోనా అంగుళాల్లోనా అన్నది అందులో ఉండదు. గుండ్రటి రంధ్రం అందులో గుండ్రంగా ఉండదు, బహుభుజి అయిపోతుంది. దాని భుజాలు వృత్తం లోపలికి వస్తాయి కాబట్టి రంధ్రం కాస్త ఇరుకవుతుంది. నా నాబ్ దొంగల్లో ఒకడు దొరికాడు!

రెండోవాడు ప్లాస్టిక్. లైబ్రరీలో ఉన్నది హల్ యంత్రం బాపతు కాదు. 1980ల చివర్లో స్కాట్ క్రంప్ అనే ఆయన, కూతురికి బొమ్మ కప్ప చేద్దామని వంటింట్లో గ్లూ గన్‌తో పొరలు పోస్తూ కనిపెట్టిన పద్ధతి అది. కరిగిన ప్లాస్టిక్ సన్నటి ముక్కులోంచి తీగలా వస్తుంది, చల్లారితే కుంచించుకుపోతుంది.

అమ్మకి చెబితే, "జంతికల గొట్టమేగా! గొట్టంలోంచి వచ్చిన లావూ, నూనెలోంచి తీశాక లావూ ఒకటే ఉంటుందేమిట్రా?" అంది.

పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్న నాకు తెర మీద సరిపోతే సరిపోయినట్టే. హల్ కోరుకున్నది మొదటిసారే సరిగ్గా రావాలని కాదు. తప్పు తెలియడానికి రెండు నెలలు ఆగక్కర్లేకుండా ఉండాలని. అలా చూస్తే నా మొదటి నాబ్ దాని పని అది చేసిందనే అనుకోవాలి.

రంధ్రం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. నాలుగోది కడ్డీ మీద టక్కున కూర్చుంది. ఆ వారం లోపే అయిపోయింది. ఆదివారం అమ్మ దాంతోనే కొబ్బరి పచ్చడి చేసింది. పట్టకారు మాత్రం ఇంకా మిక్సీ పక్కనే ఉంది. నేను తీసి సొరుగులో పెడితే, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది.