పరిశోధన వ్యాసము: ప్రశ్న, ఆధారము

సాహిత్యమున స్నాతకోత్తర పట్టమునకై పరిశోధన వ్యాసము వ్రాయబూనిన విద్యార్థికి తొలుత కలుగు భ్రమ యొకటి కలదు. తాను మెచ్చిన కవిని గూర్చి చాల పుటలు వ్రాసినచో అదియే పరిశోధన యగునని తలచుట ఆ భ్రమ. కవియందు అభిమానము కావలసినదే. అది లేనిదే ఒక గ్రంథమును ముందుంచుకొని నెలల తరబడి కూర్చుండుట ఎవరికిని సాధ్యము కాదు. కాని ప్రశంస వేరు, పరిశోధన వేరు. పరిశోధనకు రెండు కావలయును: అడుగదగిన ప్రశ్న యొకటి, దానికి సమాధానము చెప్పగల ఆధారము మరియొకటి. ఈ రెండును చిత్తూరు, తిరుపతి ప్రాంతమున ఎట్లు సమకూరినవో, ఎవరి శ్రమచే సమకూరినవో తెలిసికొన్నచో నేటి విద్యార్థికి కొంత దారి కనబడును.

మొదట ప్రశ్న సంగతి. చిత్తూరు చెంతనున్న కట్టమంచియందు 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ను వెలువరించిరి. పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను ప్రధానముగా తీసికొని చేసిన విమర్శ యది. అంతవరకు మన పండితులు కావ్యమునందు అర్థమును, అలంకారమును, ఛందస్సును, వ్యాకరణమును ప్రధానముగా విచారించుచుండిరి. అది తక్కువ విద్య కాదు. అయితే రెడ్డిగారు మరికొన్ని ప్రశ్నలు వేసిరి. కథ ఈ తీరున ఏల నడచినది? పాత్రలు తమ స్వభావమును బట్టి మెలగుచున్నవా? వర్ణన కథకు తోడ్పడుచున్నదా, అడ్డు వచ్చుచున్నదా? వారి తీర్పులను పలువురు పండితులు అంగీకరింపలేదు. నేటికిని అంగీకరింపనివారు కలరు. అయినను ఆ పిమ్మట ప్రబంధములను గూర్చి వ్రాయువారు ఆ ప్రశ్నలను తప్పించుకొని పోజాలకపోయిరి. సమాధానము పాతబడవచ్చును. మంచి ప్రశ్న అంత సులభముగా పాతబడదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు రెడ్డిగారే తొలి వైస్‌ఛాన్సలరు. అచ్చట తెలుగు ఆనర్సు తరగతులకు పాఠము చెప్పిన పింగళి లక్ష్మీకాంతముగారు తరువాత ఆకాశవాణి విజయవాడ కేంద్రమున పనిచేసి, అటుపిమ్మట తిరుపతికి వచ్చి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున తెలుగు శాఖను నడిపిరి. చిత్తూరు సీమ బిడ్డ వేసిన ప్రశ్న విశాఖపట్టణము చుట్టి, మరల ఈ సీమకే చేరినదన్నమాట.

ఇక ఆధారము సంగతి. తిరుమల ఆలయమునందు తాళ్లపాక కవుల సంకీర్తనలను చెక్కించిన రాగిరేకులు ‘సంకీర్తన భండారము’ అను రాతి అరయందు భద్రపరుపబడియుండెను. వానిని గూర్చిన కథలో పరిశోధకుడు మరువరాని ఘట్టమొకటి కలదు. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించిన క్యాంప్‌బెల్ అను కుంఫిణీ ఉద్యోగి, తిరుపతియందలి రాగిరేకులను గూర్చి విని వానిని పరిశీలింపజేసెను. తీరా చూడగా అవి చాలవరకు దేవుని స్తుతించు పాటలు. ఆయన ఆ సంగతిని తన గ్రంథపీఠికలో వ్రాసి ఊరకుండెను. తెలుగు పదకవితకు పుట్టినిల్లు అనదగిన భాండారము తలుపు తెరచియు, లోపలి సొత్తును గుర్తింపకుండ మరలిపోవుట జరిగినది. ఆయన తప్పేమియు లేదు. వానిని అడుగవలసిన ప్రశ్న ఇంకను పుట్టియుండలేదు.

మరల శతాబ్దమునకు పైగా గడచినది. 1920 దశకమున దేవస్థాన శాసనములను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆ రేకులను వెలుగులోనికి తెచ్చిరి. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానము ప్రాచ్య పరిశోధన సంస్థను నెలకొల్పినది. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తకాలయమున చిరకాలము పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఆ సంస్థకు వచ్చి, రేకులకు ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూచి, సంపుటములను వెలువరింపసాగిరి. అన్నమాచార్యుని మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన తాతగారి చరిత్రమును 1949లో విపులమైన పీఠికతో ప్రకటించిరి. 1950లో వారు గతించిరి. మైసూరు మహారాజా కళాశాలలో ఉద్యోగము ముగించుకొని వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ పనిని కొనసాగించిరి. 1954లో తిరుపతిలో విశ్వవిద్యాలయము ఏర్పడగా, 1956లో ఆ పరిశోధన సంస్థ దానిలో చేరినది. విద్యార్థియు, తాళపత్రమును ఒకే ప్రాంగణమునకు వచ్చుటకు ఇంతమంది శ్రమ, ఇంతకాలము పట్టినది.

ఆధారము చేతికి వచ్చినంతనే పని ముగియదు. దానిని చదువుటయందే అసలు చిక్కు. ఒక ఉదాహరణము చూతము. అన్నమాచార్యుడు ఎప్పుడు పుట్టెను? రాగిరేకుమీది పీఠికావాక్యమున శకవర్షము 1346, క్రోధి సంవత్సరము పేర్కొనబడినది. వెంటనే, పుట్టిన పదునారేండ్లకు స్వామి ప్రత్యక్షమయ్యెననియు, నాటినుండి శక 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు సంకీర్తనలు చెప్పెననియు ఉన్నది. క్రోధి సంవత్సరము దేనికి అన్వయించును? పుట్టుకకు అన్వయించినచో జననము క్రీ.శ. 1424, ఆయుర్దాయము 79 ఏండ్లు. ప్రత్యక్షమగుటకు అన్వయించినచో జననము 1408. ఆయుర్దాయము 95 ఏండ్లు. నేడు 1408 ఎక్కువ ప్రచారమునందున్నది. అయితే రెండు లెక్కలును పుస్తకములలో కనబడును. కావున ‘ఫలానా గ్రంథమున ఇట్లున్నది’ అని వ్రాసి ఊరకుండుట చాలదు. మూలవాక్యమును స్వయముగా చదివి, అన్వయమును చర్చించి, తానెందుకు ఒక పక్షమును గ్రహించెనో విద్యార్థి చెప్పవలెను. మరియొక సూక్ష్మము కూడ కలదు. శకవర్షమునకు 78 కలిపిన క్రీస్తుశకము వచ్చునని మనము నేర్చుకొందుము. కాని ఫాల్గుణము తెలుగు సంవత్సరము చివర వచ్చును గనుక, శక 1424 ఫాల్గుణము 1503లో పడును. 78 మాత్రము కలిపినవాడు కవిని ఒక ఏడు ముందుగానే చంపినవాడగును.

ఆధారము చెప్పినది గ్రహించుట యొక విద్య. అది చెప్పని దానిని చెప్పినట్లు వ్రాయకుండుట మరియొక విద్య. అన్నమాచార్యుడు 32,000 సంకీర్తనలు చెప్పెనని చిన్నన్న చరిత్రము తెలుపును. అందు సగమునకు తక్కువయే మనకు దక్కినవి. కనుక ‘అన్నమయ్య ఈ భావమును ఎన్నడును చెప్పలేదు’ అని వ్రాయు అధికారము ఎవరికిని లేదు. ‘దొరకిన పాటలలో కనబడదు’ అని మాత్రమే వ్రాయవలెను. అట్లే రేకులమీద ప్రతి పాటకు రాగము పేరు ఉన్నది గాని స్వరములు లేవు. నేడు మనము వినుచున్న వరుసలు రాళ్లపల్లివారు మొదలుకొని ఇటీవలి విద్వాంసులు కూర్చినవి. అవి ఎంత మనోహరములైనను, వానిని పట్టుకొని పదునైదవ శతాబ్దపు సంగీతమిది అనుట చెల్లదు.

క్రొత్త గ్రంథమును కనుగొన్నవారికి సైతము ఈ నియమము తప్పదు. నన్నెచోడుని ‘కుమారసంభవము’ను 1909లో ప్రకటించిన మానవల్లి రామకృష్ణకవిగారు, ఆ కవి నన్నయకు పూర్వుడని వాదించిరి. తెలుగునాట పెద్ద దుమారము రేగినది. తరువాతి చరిత్రకారులలో పెక్కుమంది నన్నెచోడుని నన్నయకు పిమ్మటనే నిలిపిరి. వాదము నిలువకున్నను గ్రంథము నిలిచినది. కవిగారు తిరుపతి సంస్థయందును పనిచేసిరి; వారి ‘భరతకోశము’ను 1951లో దేవస్థానమే ప్రకటించినది. కనుగొనుట యొక ఘనత, కాలమును నిర్ణయించుట వేరొక బాధ్యత అని వారి జీవితము మనకు తెలుపుచున్నది.

నేటి విద్యార్థికి కాలము తక్కువ. ఎం.ఏ.కును పిహెచ్.డి.కిని నడుమ మెట్టుగా ఉండిన ఎం.ఫిల్. పట్టమును తొలగింపవలెనని 2020 జాతీయ విద్యావిధానము నిర్ణయించినది. స్నాతకోత్తర విద్యలోని రెండవ ఏడును పరిశోధనకే వినియోగించుటకు అదియే అవకాశము కల్పించినది. అనగా పరిశోధనలో తొలి అభ్యాసమును చాలమంది ఇక ఎం.ఏ. నాడే చేయవలసియున్నది. ఏడాది గడువులో ‘అన్నమయ్య సాహిత్యము: సమగ్ర పరిశీలన’ అని బయలుదేరుట సముద్రమును చెంబుతో కొలుచుట వంటిది. దానికి బదులు ఒక సంపుటమును మాత్రము తీసికొని, అందలి సేద్యపు మాటలను ఏరి, వానిలో ఏవి నేటికిని చంద్రగిరి, శ్రీకాళహస్తి పల్లెలలో రైతుల నోట వినవచ్చునో విచారించినచో, అది చిన్న పనియే అయినను క్రొత్త పని యగును. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము అట్టివానికి చేతికర్ర. పల్లెలలో పాతమాటలు ఎరిగిన పెద్దలు ఏటేట తగ్గిపోవుచున్నారు గనుక ఈ పని రేపటికి వాయిదా వేయదగినదియు కాదు.

పరిశోధన వ్యాసము చాలమంది చేతికి అందకుండ గ్రంథాలయపు బీరువాలోనే ఉండిపోవచ్చును. అయినను, ఎన్నడో ఒకనాడు ఇంకొక విద్యార్థి దానిని తెరచి, అందలి తేదీని నమ్మి తన వ్యాసమునకు ఎక్కించుకొనును. తప్పు తేదీ యైనచో ఆ తప్పు మరియొక తరమునకు సాగును. రేకులమీది అక్షరములను ఒక్కొక్కటిగా చూచి ప్రతులు వ్రాసినవారిలో పలువురి పేర్లు నేడు మనకు తెలియవు. వారు సరిగా చూచి వ్రాసిరి కనుకనే మనము నేడు నమ్మి చదువగలుగుచున్నాము. వారి ఋణము తీర్చుటకు విద్యార్థి చేయవలసినది ఒక్కటే: తాను స్వయముగా చూచినదానిని చూచినట్లు, చూడనిదానిని చూడనట్లు వ్రాయుట.