నిదానం

నర్సింగు చదువులో పిల్లలను ఎక్కువగా భయపెట్టే పాఠం పాథోఫిజియాలజీ. ఆ మాటకు మన పాత శాస్త్రంలో 'సంప్రాప్తి' అనే చక్కని పేరున్నది. దేహంలో రోగం పుట్టి ముదిరే క్రమమని అర్థం. రోగాన్ని గుర్తించడానికి పూర్వులు చెప్పిన సాధనాలు అయిదు: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. 'మాధవనిదానం' మందుల జోలికి పోక ఈ రోగనిర్ణయానికే పరిమితమైన గ్రంథం.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పి, వైద్యునితో పాటు పరిచారకునికీ చోటిచ్చాడు. పరిచారకుని గుణాలలో మొదట చెప్పినది ఉపచారజ్ఞానం. అనురాగం ఆ తరువాతనే. 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేర నర్సుల పాఠశాల వెలసినదీ దయకు శిక్షణను జోడించడానికే. మన దేశంలో ఆ శిక్షణకు ఏకరూప ప్రమాణం కోసం 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది.

మా రామచంద్రపురంలో పరీక్షలకు చదివే ఆడపిల్లలు మాత్రం లక్షణాల పట్టికలు వల్లె వేస్తున్నారు. గుండె బలహీనపడితే కాళ్లెందుకు వాస్తాయని అడిగితే మౌనమే. మురుగుకాలువ పూడితే ఎగువ చేలు మునగవా అన్నాను. గుండె ముందుకు తోయలేని రక్తం వెనుక సిరల్లో నిలుస్తుంది, అక్కడి నుండి నీరు కండలోకి ఊరుతుంది. ఇది తెలిసిన నర్సు రోజూ రోగి బరువెందుకు చూడాలో మరువదు. రాత్రివేళ వార్డులో మార్పును మొదట కనిపెట్టవలసినది ఆమెయే కదా!

సంస్కృతంలో నిదానమంటే మూలకారణం, తెలుగులో తొందరపడకపోవడం. ఈ చదువుకు రెండర్థాలూ అవసరమే.