కన్సర్వేటరీ: ఒక మాట, పలు ఆశ్రయాలు

న్యూఢిల్లీ లోదీ ఉద్యానంలో ఒక గాజు గృహం ఉన్నది. 1936లో లేడీ విల్లింగ్డన్ పార్కుగా ప్రారంభమైన ఈ తోటను 1968లో జోసెఫ్ అలెన్ స్టెయిన్, గారెట్ ఎక్బోలు తీర్చిదిద్దినప్పుడు అది వెలసింది. ఇటువంటి కట్టడాన్ని ఆంగ్లంలో కన్సర్వేటరీ అంటారు. సంగీత కళాశాలకూ అదే పేరు. మొక్కకూ పాటకూ ఈ ఉమ్మడి నామం ఎట్లా కలిగింది?

లాటిన్‌లో ‘కన్సర్వారే’ అంటే కాపాడుట. 16వ శతాబ్దిలో ఇటలీలోని నేపుల్స్ నగరాన ‘కన్సర్వేటోరియో’ అంటే అనాథ బాలల శరణాలయం. 1537 నాటి శాంతా మారియా ది లోరెటో అటువంటిదే. పిల్లలకు బ్రతుకుతెరువుగా నేర్పిన విద్యలలో క్రమంగా సంగీతం ప్రధానమైంది. 1795లో పారిస్‌లో విప్లవ ప్రభుత్వం కన్సర్వటోర్‌ను నెలకొల్పేనాటికి మాటలోని శరణం మరుగై, శిక్షణ మిగిలింది. ఇంగ్లండులో 17వ శతాబ్దిలో అదే మాట చలికి తాళలేని నారింజ వంటి చెట్లను దాచే గృహానికి వర్తించింది. మన దేశంలో 1864లో ఏర్పడిన అటవీ శాఖ ద్వారా ‘కన్సర్వేటర్’ పాలనా పరిభాషలో నిలిచింది. తెలుగులో ఆయన అటవీ సంరక్షణాధికారి.

సంగీత రంగంలో భారతీయులు ఈ పేరును అనువదించుకోలేదు. 1901లో లాహోరులో విష్ణు దిగంబర్ పలుస్కర్ స్థాపించిన గాంధర్వ మహావిద్యాలయం పరంపరలోనే, 1939లో వినయచంద్ర మౌద్గల్య ఢిల్లీ విద్యాలయాన్ని ప్రారంభించారు. ఆ పేరులో గానమున్నది, విద్య ఉన్నది; రక్షణ ప్రసక్తి లేదు. అయినా రాజాస్థానాల ఆదరణ సన్నగిల్లుతున్న కాలంలో ఆ విద్యాలయాలు చేసిన పని రక్షణమే.

తెలుగునాట 1919లో విజయనగరంలో విజయరామ గజపతిరాజు గానపాఠశాలను స్థాపించారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. అనంతరం ద్వారం వేంకటస్వామినాయుడు ఆ పదవిని అలంకరించారు. ఆస్థానోద్యోగి కుమారుడైన ఒక అంధ బాలుని సంగీత విద్య నిమిత్తమే ప్రభువు దానిని నెలకొల్పారని ప్రతీతి. నేపుల్స్ శరణాలయపు తొలి అర్థం ఎవరూ అరువు తేకుండానే ఇక్కడ ప్రత్యక్షమైంది.

కనుక అనువాదకుడు సందర్భం చూడవలసిందే. ‘సంరక్షణాలయం’ అంటే సంగీతం వినిపించదు. ‘కళాశాల’ అంటే రక్షణ కనిపించదు. ఇది కేవలం నిఘంటు సమస్య కాదు. ఢిల్లీ వేసవిలో గాజు ఒక్కటే మొక్కను బ్రతికించదు. నీడ, తేమ, వాటిని కనిపెట్టుకుని ఉండే తోటమాలి కావాలి. సంగీత విద్యాలయమూ అంతే. భవనానికి నిధులు మంజూరై, గురువు స్థానం ఖాళీగా ఉండిపోతే, పలక మీద పేరు ఏదైనా ఆ మాటకు అర్థం ఉండదు.