పని చేసినవాని పేరు

బహువ్రీహి సమాసం పాఠం చెబుతూ, 'విశ్వం ఎవని కర్మయో అతడు విశ్వకర్మ' అని విగ్రహవాక్యం రాశాను. వర్ధన్నపేట పక్క పల్లె నుంచి వచ్చే విద్యార్థి ఒకడు లేచాడు. "మా నాయిన కొలిమి పని చేస్తడు సార్. మమ్ముల గూడ విశ్వకర్మలనే అంటరు. దేవుని పేరు మాకెట్ల వచ్చింది?" ఈ ప్రశ్నకు సమాధానం వ్యాకరణంలో లేదు, చరిత్రలో ఉంది.

ప్రాచీన గ్రీకులో ఇటువంటి సమాసమే ఒకటున్నది: 'దేమియూర్గోస్'. 'దేమియోస్' అంటే ప్రజలది, 'ఎర్గోన్' అంటే పని. ప్రజలకు పనిచేసేవాడని అర్థం. హోమర్ 'ఒడిస్సీ' 17వ సర్గలో జోస్యుణ్ణి, వైద్యుణ్ణి, వడ్రంగిని, గాయకుణ్ణి ఈ ఒక్క మాట కిందనే చేర్చాడు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ప్లేటో 'తిమయస్'లో జగన్నిర్మాతకు ఆ మాటనే వాడాడు. కాని ఆయన శిష్యుడు అరిస్టాటిల్, ఉత్తమ రాజ్యం చేతిపనివానికి పౌరసత్వం ఇవ్వదన్నాడు. బానిసల శ్రమ మీద నిలిచిన సమాజంలో పేరు స్వర్గానికెక్కింది, పనివాడు వాకిటనే మిగిలాడు.

మన మాట నడిచిన దారి వేరు. ఋగ్వేదంలో 'విశ్వకర్మ' ఇంద్రునికీ సూర్యునికీ వాడిన విశేషణం. 10వ మండలంలో ప్రత్యేక దేవత అయింది. అక్కడ కవి సృష్టిని దేనితో పోల్చాడు? కొలిమి పనితో, వడ్రంగంతో! ఆ తర్వాతి కాలంలో కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి ఆ దేవతను తమ మూలపురుషునిగా చెప్పుకొన్నారు. శ్రమకు దక్కని గౌరవాన్ని పుట్టుకలో వెతుక్కున్నారన్నమాట. దక్కిందా? రైతు కల్లంలో కొలిచిన మేరతో బతికిన కమ్మరి, దొర గడీకి వెట్టిచాకిరి చెయ్యవలసి వచ్చింది. ఆ వెట్టిని ఎదిరించింది దేవుని పేరు కాదు. 1946-51 తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం.

పాలంపేట గుడిని 1213లో కట్టించినవాడు కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడని శాసనం చెబుతున్నది. జనం మాత్రం దానిని రామప్ప గుడి అంటున్నారు. రామప్ప దానిని చెక్కిన శిల్పి అని జనశ్రుతి. శాసనం కట్టించినవానిని తలచింది, జనం కట్టినవానిని తలచుకొన్నారు.

ఆ విద్యార్థికి ఇచ్చిన జవాబు ఇది: దేవుని పేరు మీ నాయినకు రాలేదు. మీ నాయిన వంటివారి పనిని చూసే దేవునికి ఆ పేరు పెట్టారు.