సిలువ క్రింద సమాధి: మసాచ్చో 'త్రిత్వము' చిత్రములో మరణము, భక్తి

చొప్పదండి ప్రాంతమునుండి మెదక్ కెథడ్రల్ చూడబోయినవారు తిరిగివచ్చి ముందుగా చెప్పేది అద్దాల కిటికీల గురించే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయములో ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన కిటికీలు మూడున్నవి: ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో అమర్చబడ్డాయి. పొద్దు గూకితే అవి కనబడవు. ఆ సిలువ కిటికీలోని మరణము క్రీస్తుది. చూచే మన మరణమునకు అందులో చోటు లేదు. ఆ రెంటినీ ఒకే గోడమీద నిలిపిన పాత చిత్రమొకటి ఉన్నది. ఈ వ్యాసములో దానిని పరిశీలింతము.

ఇటలీలోని ఫ్లోరెన్సు నగరములో సాంతా మరియా నొవెల్లా దొమినికన్ సన్యాసుల దేవాలయము. దాని గోడపై సుమారు 1425-27 మధ్య మసాచ్చో అను యువకుడు తడి గచ్చుపై రంగులు వేసి 'త్రిత్వము' చిత్రించాడు. ఎత్తు ఆరున్నర మీటర్లకు పైనే. గోడను తొలిచి గది కట్టారేమో అనిపించే ఆ కమాను క్రింద, తండ్రియైన దేవుడు నిలువబడి కుమారుని సిలువను చేతులతో పట్టుకొనియున్నాడు. ఇద్దరి మధ్య తెల్లని పావురము. తొందరగా చూస్తే తండ్రి అంగీ మెడపట్టీ అనుకొంటాము. దిగువ మరియ, యోహాను. మరియ ఏడ్చుట లేదు. మనవైపు చూస్తూ చేతితో కుమారుని చూపిస్తున్నది. స్తంభముల వెలుపల మోకరించినవారు చిత్రమును వేయించిన దంపతులని సాధారణముగా తలుస్తారు. దాతలను చిన్న బొమ్మలుగా గీయుట అప్పట్లో వాడుక. మసాచ్చో వారిని పరిశుద్ధులంత పరిమాణములోనే గీశాడు.

వారి క్రింద రాతి సమాధి, దానిపై అస్థిపంజరము. చనిపోయినవాడు దారినపోయే వానితో, తానూ ఒకప్పుడు వానివలెనే ఉండెననియు వానికిని ఇదే గతియనియు చెప్పే మాటలు పైన వ్రాసియున్నవి. ఎముకలు ఆదామువని కొందరు పండితులు. ఆదాము కపాలస్థలములోనే పాతిపెట్టబడెనను పాత నమ్మిక దానికి ఆధారము. ఎవరివైనను కావచ్చునని కొందరు. రెండు అర్థములునూ ఇక్కడ ఇముడుతాయని మా అభిప్రాయము. చిత్రములోని గీతలన్నీ కలిసే బిందువు సిలువ మొదట, చూపరి కన్నుల ఎత్తున ఉన్నది. చూపు దించితే ఎముకలు, ఎత్తితే సిలువ. పైగా ఎదుటి ద్వారము శ్మశానవాటిక వైపు ఉండేది. సమాధుల మధ్యనుండి వచ్చినవారికి మొదట కనబడేది ఈ గోడయే. మసాచ్చో కూడా 1428లో, ముప్పదియేండ్లైనా నిండకముందే, రోములో మరణించాడు.

తర్వాత జరిగినది వింత. ఈ చిత్రమును తన గ్రంథములో మెచ్చుకొన్న వసారియే 1570లో దీనికి అడ్డముగా బలిపీఠము కట్టించాడు. దాదాపు మూడు వందల యేండ్లకు, 1860 ప్రాంతములో, అది తొలగింపగా చిత్రము బయటపడినది. పైభాగమును గోడనుండి ఊడదీసి ప్రధాన ద్వారము దగ్గరకు మార్చారు. అస్థిపంజరము మాత్రము పాతచోటనే, మరుగున ఉండిపోయినది. 1951లో అది దొరికిన తర్వాత, 1952లో రెండు భాగములనూ మరల కలిపారు. అనగా తొంబది యేండ్లు చూపరులు సమాధి లేని సిలువనే చూచారు. మన ప్రసంగములలోనూ ఈ ఊడదీత లేదా? సిలువ ఆదివారమునకు, ఎముకలు భూస్థాపన కూడికకు.

ఈస్టరునాడు మాత్రము మా సంఘము తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్తుంది. ముందురోజు సున్నము వేసిన సమాధుల నడుమ క్రొవ్వొత్తులు వెలుగుతుంటాయి. కాపరి వాక్యము చెప్పుటకు నిలుచున్నచోట, ఆయన పాదముల దగ్గరనే, ఎవరి తల్లియో ఎవరి బిడ్డయో నిద్రిస్తున్నారు.