ఐక్యరాజ్యసమితి పేపరుకి మార్కులు ఎవరు వేయాలి?

బిట్రగుంట నుంచి మాట్లాడుతున్నాను. నెల్లూరుకీ కావలికీ మధ్య రైల్వే ఊరు మాది, ఒకప్పుడు స్టీమ్ ఇంజన్ల లోకోషెడ్ ఉండేది. ఇక్కడ రైలెక్కి కాలేజీకి పోయే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పొలిటికల్ సైన్స్‌లో అంతర్జాతీయ సంస్థల పేపరు ఉంది. వీటో గురించి బట్టీపట్టి మూడు గంటలు రాస్తే మాకేం వచ్చినట్టు?"

దీనికి 1857కి పోవాలి. ఆ ఏడాది కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు లండన్ యూనివర్సిటీ నమూనాలో పుట్టాయి. మొదట్లో అవి పాఠాలు చెప్పేవి కావు. పాఠాలు కాలేజీల పని. పరీక్ష పెట్టి డిగ్రీ ఇవ్వడం యూనివర్సిటీ పని. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చేదాకా మన కోస్తా పిల్లల పేపర్లు దిద్దించింది మద్రాసే. చెప్పేది ఒకరు, దిద్దేది ఇంకొకరు. మన అలవాటు అక్కడ మొదలైంది.

ఇక్కడే ఒక తమాషా. 1887లో కర్నూలులో కవలలు పుట్టారు. రామస్వామి మొదలియార్ 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోకి మన ప్రతినిధి బృందాన్ని తీసుకెళ్లి ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సంతకం పెట్టారు. తమ్ముడు లక్ష్మణస్వామి 1942 నుంచి 27 ఏళ్లు మద్రాసు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. ఒకరు మీ సిలబస్‌లో పాఠం, ఇంకొకరు మీ పరీక్ష! ఆ లక్ష్మణస్వామే 1948-49 రాధాకృష్ణన్ కమిషన్‌లో సభ్యుడు. యూనివర్సిటీ చదువులో ఒక్కటే మార్చమంటే పరీక్షల్ని మార్చమంది ఆ కమిషన్. తర్వాత 1952-53లో సెకండరీ విద్యా కమిషన్‌కి ఆయనే అధ్యక్షుడు. బయటి పరీక్షల బరువు తగ్గించి, ఏడాది పొడుగునా చేసిన పనిని లెక్కలోకి తీసుకోమన్నారు. అంతకాలం పరీక్షల యంత్రం నడిపిన మనిషి మాట అది!

ఇప్పుడు ఇంటర్నల్ మార్కులు వచ్చాయి, చాలా కోర్సుల్లో 100కి 25. కానీ అందులోనూ మళ్లీ చిన్న రాతపరీక్షే, లేదా నెట్‌లోంచి దించిన అసైన్‌మెంటు. నేనైతే క్లాసుని భద్రతా మండలి చేస్తాను. 15 మందికి 15 దేశాలు. ఒక తీర్మానానికి 14 ఓట్లు వచ్చాయి, ఒక శాశ్వత సభ్యదేశం వద్దంది. ఏమవుతుంది? పడిపోతుంది. ఇంకోదానికి 9 ఓట్లే వచ్చాయి, ఎవరూ వద్దనలేదు, మిగతా ఆరుగురూ తటస్థం. నెగ్గుతుంది. ఈ తేడా ఒకసారి ఆడిన పిల్లాడికి బట్టీ అక్కర్లేదు. అమెరికా యూనివర్సిటీల్లో 1920లలోనే నానాజాతి సమితిని ఇట్లా ఆడించారు.

మరి ఆ ఆటకి మార్కులు వేసేదెవరు? మీ సారే. ఆయనకి మీ పేరు తెలుసు, మీ ఇల్లు తెలుసు, ఒక్కోసారి మీ కులమూ తెలుసు. మద్రాసులో దిద్దినాయనకి హాల్‌టికెట్ నంబరు తప్ప ఏమీ తెలీదు. ఊరి పిల్లలకి ఆ నంబరు చాలాసార్లు కాపుదలే అయింది. అందుకే ఇంటర్నల్ 25 పెంచమని నేను అడగను. ఆ 25లో ప్రతి మార్కు పక్కన ఎందుకు వేశారో రెండు ముక్కలు రాసి, ఆ కాగితం పిల్లల చేతికివ్వమంటాను.