క్రస్టేషియన్లు

కీళ్ల కాళ్ల జీవుల్లో రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్లు, బావి నీళ్లలో ఈదే సైక్లాప్స్, ఓడల అడుగున అతుక్కుని పెరిగే బార్నకిల్స్ చేరే పెద్ద విభాగం క్రస్టేషియా. శాస్త్రజ్ఞులు ఇప్పటికి గుర్తించిన జాతులు 60,000కు పైనే. వీటిలో ఎక్కువ భాగం సముద్ర జీవులు. జపాన్ సాలెపీత కాళ్లు బారజాపితే ఆ కొస నుంచి ఈ కొసకు మూడున్నర మీటర్లు దాటుతుంది. తోటి క్రస్టేషియన్ల ఒంటి మీద బతికే కొన్ని పరాన్నజీవులు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండవు.

వీటి ఒంటిని కైటిన్ పెంకు కప్పి ఉంటుంది. చాలా జాతుల్లో అందులో సున్నం చేరి గట్టిపడుతుంది. పెంకు సాగదు గనుక ఎదగాలంటే కుబుసం విడవాల్సిందే. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లు మెత్తగా ఉంటుంది. చెరువులో రొయ్యలు ఒకదాన్నొకటి పీక్కుతినేది ఎక్కువగా అప్పుడే. తలకు రెండు జతల మీసాలుంటాయి. కీటకాలకు ఒక జతే, సాలీళ్లకు అసలు ఉండవు. రొయ్య, పీతల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థంలో రాగి ఉంటుంది.

ఈ విభాగానికి హద్దులు గీయడం రెండున్నర శతాబ్దాలుగా తలనొప్పిగానే ఉంది. 1758లో లినేయస్ పీతలనూ రొయ్యలనూ కీటకాల్లో కలిపాడు. బార్నకిల్స్‌ను, వాటి గుల్లలు చూసి, నత్తల వైపు చేర్చాడు. 1772లో బ్రూనిక్ క్రస్టేషియా అనే పేరు పెట్టినా చిక్కు తీరలేదు. పెద్దవాటి రూపం చూసి చుట్టరికం తేల్చబోయారు. చివరికి తేల్చింది పిల్లలే.

1785లో ఓటో ఫ్రెడరిక్ మ్యూలర్ ఒంటికన్ను, మూడు జతల అవయవాలున్న ఒక చిన్న నీటిప్రాణికి నాప్లియస్ అని పేరు పెట్టాడు. అది దానంతటదే ఒక ప్రత్యేక జీవి అనుకున్నాడు. నిజానికది క్రస్టేషియన్ల తొలి లార్వా దశ. 1820లలో ఐర్లండ్‌లోని కార్క్ దగ్గర సైనిక వైద్యుడు జాన్ వాన్ థాంప్సన్ సముద్రపు నీటిలోని సూక్ష్మజీవులను వలతో పట్టి, పెంచి చూశాడు. ఈదే పిల్ల ఒకటి స్థిరపడి బార్నకిల్‌గా మారింది. దాంతో బార్నకిల్స్ నత్తల చుట్టాలు కావని 1830లో తేలిపోయింది. ఆ తర్వాత డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటి మీదే గడిపి నాలుగు సంపుటాలు రాశాడు.

శాక్యులినా అనే పరాన్నజీవి కథ ఇంకా వింత. పీత పొట్ట కింద వేలాడే మెత్తటి సంచీ, పీత ఒంటినిండా పాకిన వేళ్లు, అంతే దాని రూపం. కాళ్లు, నోరు, కళ్లు ఏవీ లేవు. అది పట్టిన పీతకు ఇక సంతానం కలగదు. మగ పీత కూడా ఆడదానిలా మారి ఆ సంచీని తన గుడ్ల మాదిరి కాపాడుతుంది. ఇంతగా రూపం చెడిన జీవి కూడా పుట్టేది నాప్లియస్‌గానే. అందుకే అది క్రస్టేషియన్ల లెక్కలోకి వచ్చింది.

2010లో వెలువడిన జన్యు పరిశోధన లినేయస్ లెక్కను తలకిందులు చేసి బలపరిచింది. కీటకాలు క్రస్టేషియన్లలోంచే చీలిన కొమ్మ అట. చీమలూ దోమలూ రొయ్యకు దాయాదులన్నమాట. కీటకాలకు అతి దగ్గరి బంధువులని చాలామంది భావించే రెమిపీడ్లు అనే గుడ్డి క్రస్టేషియన్లు బహామాస్ నీటి గుహల్లో 1979లో బయటపడ్డాయి.

సముద్రపు చేపలకూ తిమింగలాలకూ కోపిపాడ్లు, క్రిల్ అనే చిన్న క్రస్టేషియన్లు మూలాహారం. మనుషులకు వీటివల్ల చేటూ జరిగింది. దిగుడు బావుల్లో దిగి నీళ్లు ముంచుకున్న కాలంలో తెలుగు పల్లెలను పీడించిన నారి కురుపుకు వాహకం సైక్లాప్సే. ఈ సంగతి 1870 ప్రాంతంలో ఫెడ్చెంకో అనే శాస్త్రజ్ఞుడు తుర్కిస్తాన్‌లో కనిపెట్టాడు. సైక్లాప్స్‌తో కడుపులో చేరిన పురుగు ఏడాది తర్వాత దాదాపు మీటరు పొడవై కాలు చీల్చుకుని వస్తుంది. ఆ కాలు నీళ్లలో పెడితే తన పిల్లలను వదులుతుంది. టీకా లేదు, మందు లేదు. నీళ్లను గుడ్డతో వడకట్టడం, దిగుడు బావులను మూయడం, చేతిపంపులు వేయడంతోనే అది పోయింది. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. దేశంలో ఆ జబ్బు లేదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

రొయ్య కూడా నాప్లియస్‌గా పుడుతుందని 1860లలో బ్రెజిల్‌లో ఉన్న ఫ్రిట్జ్ మ్యూలర్ చూపాడు. అప్పటికది పరిణామ సిద్ధాంతానికి పనికొచ్చిన సాక్ష్యం మాత్రమే. 1930లలో జపాన్‌లో ఫుజినాగా రొయ్యతో గుడ్లు పెట్టించి లార్వాలను పెంచడంతో హేచరీలకు దారి పడింది. నాప్లియస్ ఏమీ తినదు, ఒంట్లోని సొనతోనే గడుపుతుంది. తర్వాతి జోయియా దశకు డయాటమ్‌లు పెట్టాలి. ఆ తర్వాతి మైసిస్ దశకు ఆర్టీమియా కావాలి, అదీ ఒక క్రస్టేషియనే. హేచరీలో తల్లి రొయ్య కంటి కాడను ఒకవైపు తీసేస్తారు. అండాశయాన్ని ఎదగనీయకుండా ఆపే హార్మోన్ అక్కడే తయారవుతుంది మరి.

1990ల మొదట్లో నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా టైగర్ రొయ్య చెరువులు విపరీతంగా పెరిగాయి. 1994 నుంచి తెల్లమచ్చ వైరస్ వాటిని ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత సాగు మీద కఠిన ఆంక్షలు పెట్టింది. నిఘా కోసం 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2009లో అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందిన వెనామీ రొయ్యకు అనుమతి దొరికింది. నేడు ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో పెరిగేది ఎక్కువగా అదే. విదేశాల నుంచి తెచ్చే దాని తల్లి రొయ్యలను చెన్నైలో వేరుగా ఉంచి, రోగాలు లేవని పరీక్షించాకే హేచరీలకు పంపుతారు.